బజారు నడుమ రాయి

నిత్య స్కాట్లాండ్ నుంచి ఫోటో పంపిన రోజు అమెరికాలో మా ఊరు నోవైలో పొద్దుటినుంచీ మంచు పడుతూనే ఉంది. డ్రైవ్‌వే మీద మంచు తీసే మనిషి ఇంకా రాలేదు. నేను ఎక్కడికీ పోయేది లేదు కనక అతను రాకపోయినా నాకేమీ ఇబ్బంది లేదు. అమ్మ పోయి మూడు నెలలైంది. మా ఆయన అంతకు చాలా ముందే పోయారు. నిత్య మా ఒక్కగానొక్క కూతురు, ఇర్వింగ్‌లో ఉద్యోగం. ఇంత ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే, ఏ గదిలో లైటు వేసి మరిచిపోయినా ఆర్పమని కసిరేవాళ్ళు లేరు. ఆఫీసు పని మీద ఎడిన్‌బరో వెళ్ళిన నిత్య శనివారం సెలవు కదా అని కారు అద్దెకు తీసుకుని, నేను చిన్నప్పుడు రెండేళ్ళు బతికిన ఊరికి వెళ్ళింది. వెళ్తున్నట్టు నాకు చెప్పనైనా లేదు. ఫోటోలో రెయిన్ కోటు వేసుకుని మెట్ల మీద నిలబడి నవ్వుతోంది. వెనక ఎత్తయిన రాతిస్తంభం. కింద మెసేజ్: ‘అమ్మా, అమ్మమ్మ రాయి ఇదేనా?’

ఇదేనని రాశాను. ‘కాఫీ తాగి కాల్ చేస్తా’ అని జవాబొచ్చింది. ఫోను బల్ల మీద పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టాను. దానికి అమ్మమ్మ రాయి అని పేరున్న సంగతి నాకు తెలియదు. అమ్మ ఆ రోజు సంగతి నిత్యకు చెప్పిందనీ తెలియదు. నాతో మాత్రం, నలభై ఏళ్ళ పైచిలుకు ఒకే ఇంట్లోనో పక్క వీధిలోనో బతికి కూడా, ఆ మాట ఒక్కసారి ఎత్తలేదు. ఆ కథలో నా వంతు ఒకటుంది. దాన్ని నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. అమ్మకు అది అర్థమైందా, అర్థమైతే నిత్యకు చెప్పిందా, ఇప్పుడు కాల్ చేసి అది నన్నేం అడగబోతోంది అన్నదే నా భయమంతా. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, కూతురి ఫోన్‌కి భయపడి పొయ్యి మీద పెట్టిన పాలు పొంగబెట్టుకున్నాను.

నాన్న డాక్టరు. అమెరికా రాకముందు పై చదువుకని స్కాట్లాండ్‌లో సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో చేరారు. అప్పుడు నాకు ఎనిమిది దాటి తొమ్మిది. బజారులో రొట్టెల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. తెల్లవారకముందే కింద పులిసిన పిండి వాసన మొదలయ్యేది. దానికి మా కిరసనాయిలు హీటరు వాసన, ఎంతకీ ఆరని ఉన్నిబట్టల వాసన తోడయ్యేవి. అమ్మ చీరలు వంటింట్లో అడ్డంగా కట్టిన తాడు మీద మూడేసి రోజులు వేలాడేవి. ఆ చీరల కిందనుంచి వంగి వంగి తిరిగేవాళ్ళం. ఆ ఊళ్ళో దొరికే బియ్యం ఒక్కటే, వాళ్ళు పాలు పోసి తీపి చేసుకోడానికి కొనే పొట్టి బియ్యం. ఎలా వండినా ముద్దయ్యేది. అమ్మ ఆ ముద్దను చారులో వేసి కలిపి, ‘ఇది అన్నమనుకుని మింగండి’ అనేది. నాన్న డ్యూటీ వేస్తే మూడు రోజులకు గాని ఇంటికి వచ్చేవారు కాదు. వచ్చాక కూడా హీటరు ముందు కాళ్ళు చాపుకుని, మేజోళ్ళలోంచి ఆవిర్లు వస్తుంటే ఎముకల పేర్లు పైకి చదువుకునేవారు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. ఊరు మొత్తానికి మన రంగు మనుషులం మేం ముగ్గురమే. నేను స్కూలుకు వెళ్ళింది మొదలు తిరిగి వచ్చేదాకా ఆమె నోరు విప్పే పని ఉండేది కాదు. ఒకరోజు నేను సంచి దించకముందే, ‘పొద్దుట్నించి మాట్లాడలేదే పద్మా, గొంతుందో లేదో అని ఇందాక ఓసారి దగ్గి చూసుకున్నా’ అంది. ఇక సాయంత్రమంతా వాళ్ళ ఊరి కబుర్లు, వాళ్ళ మేనత్తల తగువులు, ఏ బర్రె ఎవరిని పొడిచిందో అంతా నాకే చెప్పేది. ఇవాళ నేను తెలుగులో ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ సాయంత్రాల పుణ్యమే. అప్పట్లో మాత్రం నాకు విసుగు. స్కూల్లో పొద్దస్తమానం ఇంగ్లీషుతో కుస్తీ పట్టి వచ్చిన పిల్లకు తగువుల కథలేం రుచిస్తాయి? ఊఁ కొడుతూ కిటికీలోంచి కిందికి చూసేదాన్ని.

కిటికీలోంచి కనిపించేది ఆ రాయే. బజారు సరిగ్గా నడుమ ఎనిమిది పలకల మెట్లు, మెట్ల పైన నిలువెత్తు మనుషులు ముగ్గురిని ఒకరిమీద ఒకరిని నిలబెట్టినంత స్తంభం. స్తంభం చుట్టూ తీగలు, ఆకులు, ముళ్ళపూలు చెక్కి ఉండేవి. చిట్టచివర ఒంటికొమ్ము గుర్రం ముందుకాళ్ళతో డాలు పట్టుకుని కూర్చుని ఉండేది. దానికి ఒక చెవి విరిగిపోయింది. అడుగున చెక్కిన మొహాలు వందల ఏళ్ళ వానకు అరిగి ముక్కూ మూతీ లేకుండా మిగిలాయి. దాన్ని అందరూ మార్కెట్ క్రాస్ అనేవాళ్ళు. కానీ దాని మీద వెతికినా సిలువ లేదు. అద్దె ఇల్లు మాకిచ్చిన మిసెస్ రీడ్ అనే పెద్దావిడ ఓ సాయంత్రం టీకి వచ్చినప్పుడు అమ్మ ఆ రాయి ఏమిటో అడగమంది. ఆవిడ చెప్పడం, నేను తెలుగులోకి మార్చడం. ఈ రాయి నిలబెట్టాకే ఇది ఊరనిపించుకుంది. రాజుగారి కబురు ఏదొచ్చినా ఇక్కడే చదివేవాళ్ళు. బయటినుంచి సరుకు తెచ్చుకున్నవాళ్ళు ముందు ఇక్కడికి వచ్చి నిలబడాలి. ఊరి గుండెకాయ ఇదే. నేను ఒక్క ముక్క పోనివ్వకుండా చెప్పాను. దొంగల మెడకు ఇనపకడియం వేసి ఆ స్తంభానికే కట్టేసేవాళ్ళన్న మాట మాత్రం భయమేసి చెప్పలేదు.

అమ్మ టీ కప్పు కింద పెట్టేసి, ‘ఇన్నాళ్ళూ చెప్పకపోయారేందే, ఇది బొడ్రాయి’ అంది.

అమ్మ వాళ్ళది పల్నాడు వైపు పల్లె. అక్కడ ఊరి నడుమ బొడ్రాయి నాటుతారు, ఊరికి అది బొడ్డు. కొత్త కోడలు ఊళ్ళోకి అడుగుపెడితే ముందు ఆ రాయికి నీళ్ళు పోసి, పసుపూ కుంకుమా పెట్టి, మూడుసార్లు చుట్టూ తిరిగి ఆ తర్వాతే ఇంట్లోకి వెళ్ళాలి. అలా చేయకపోతే ఊరు మనిషిని ఎరగదని వాళ్ళ నమ్మకం. అమ్మ లెక్క చాలా తేలికగా తేలిపోయింది. వచ్చి ఆరునెలలైనా మిసెస్ రీడ్ తప్ప ఆమెను పలకరించినవాళ్ళు లేరు. నాన్న పరీక్ష తప్పారు. నాకు దగ్గు వదలడం లేదు. ‘మనం ఈ ఊళ్ళోకి అడక్కుండా వచ్చామే. అందుకే ఊరు మన మొహం చూడటంలా’ అని తేల్చేసింది. అది గుడిదైతే సిలువ ఉండేదిగా, జంతువుందంటే అది ఊరిదేనని దానికో రుజువు కూడా చూపించింది.

ఆ శుక్రవారం నాకు దగ్గని స్కూలు మాన్పించింది. నాన్న డ్యూటీలో ఉన్నారు. అమ్మ తలంటు పోసుకుని పెళ్ళినాటి పట్టుచీర కట్టి, పైన నాన్న ఓవర్‌కోటు తొడుక్కుంది. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు, పాలపొడి డబ్బాలో ఇండియా నుంచి తెచ్చుకున్న పసుపు, కుంకుమ. కొబ్బరికాయ దొరకదు కనక ఒక యాపిల్. ఒట్టి నీళ్ళతో కలిపితే వానకు కారిపోతుందని పసుపును నూనెతో కలిపింది. ఆ ఊళ్ళో ఆలివ్ నూనె మందుల షాపులో చిన్న సీసాల్లో, చెవిలో పోసుకోడానికి అమ్మేవాళ్ళు. నా చెవిపోటుకు తెచ్చిన సీసా మొత్తం అందులో ఒంపేసింది. నేను గొడుగు పట్టుకుని వెంట నడిచాను. నిజం చెప్పాలంటే బయల్దేరేటప్పుడు నాకు సరదాగానే ఉంది.

మెట్లెక్కి నీళ్ళు పోసింది. స్తంభానికి అడ్డంగా అరచెయ్యంత మందాన పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టింది. కోటు విప్పి నాకిచ్చి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు అయ్యేసరికి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. రెండో చుట్టుకు కొట్లలోంచి మనుషులు బయటికొచ్చారు. వాళ్ళలో ఊలు షాపులో పనిచేసే ఈలీన్ వాళ్ళమ్మ ఉంది. ఈలీన్ నా క్లాసు పిల్ల. ఆ ఊళ్ళో నాకు దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు. మర్నాడు దాని పుట్టినరోజుకు నన్ను పిలిచింది, నేను వారం రోజులుగా అదే తలుచుకుంటున్నాను. ఇంతలో టౌన్ ఆఫీసు నుంచి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఆ రాయి ఆయన బాధ్యతట. అమ్మను చూశాడు, పసుపును చూశాడు, మెల్లగా నా దగ్గరికొచ్చి వంగాడు.

‘ఈవిడ మీ అమ్మేనా పాపా? ఏం చేస్తోందో కాస్త అడిగి చెప్తావా?’ అన్నాడు.

ఈలీన్ వాళ్ళమ్మ నావైపే చూస్తోంది. నా చేతిలో నాన్న కోటుంది. నేను దాన్ని మెట్టు మీద పెట్టేశాను.

‘కాదు. ఆవిడెవరో నాకు తెలీదు’ అన్నాను.

అమ్మ రెండు బారల దూరంలో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదన్నాను గాని, ‘నో’ అన్న మాట రానివాళ్ళెవరు? నేను తల అడ్డంగా ఊపాను కూడా. గొడుగు పట్టుకుని మెట్లు దిగి, బజారు దాటి లైబ్రరీలోకి వెళ్ళిపోయి తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆ ఊళ్ళో ఇంకెవరిని అడిగినా ఆమె ఎవరి తల్లో చెప్పేవాళ్ళు, అంత తెలివితక్కువ అబద్ధం అది. అమ్మ ఒకసారి చుట్టూ చూసింది, నాకోసమే. తర్వాత ఇంక చూడలేదు. వానలో పట్టుచీరతో నిలబడి ఆ టోపీ మనిషికి తెలుగులోనే ఏదో చెబుతోంది, పసుపు చేతులతో రాయిని చూపిస్తోంది, మా ఇంటి కిటికీని చూపిస్తోంది. ఆయన మర్యాదగా తలూపుతున్నాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, నవ్వలేదు కూడా. ఎవరైనా ఒక మాట అంటే బాగుండేది, నాకు కోప్పడడానికి ఒక మనిషి దొరికేవాడు. చివరికి మిసెస్ రీడ్ ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చి, కోటు తీసి ఆమె భుజాల మీద కప్పి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది. అలా నడిపించాల్సిన దాన్ని నేను లైబ్రరీలో దాక్కుని ఉన్నాను.

అరగంట తర్వాత ఇంటికి వెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ‘తడిశావా? తల తుడుచుకో, దగ్గు ఎక్కువవుద్ది’ అంది. చారన్నం కలిపి పెట్టింది. అంతే. ఆ సాయంత్రం మేనత్తల కబుర్లు లేవు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న వచ్చారు. బజారులో జరిగింది ఏమిటని ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పిలిచి అడిగాడట. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని అమ్మతో మాట్లాడారు. గొంతు పెరగడం వినిపించింది గాని మాటలు తెలియలేదు. నువ్వు పక్కనే ఉన్నావుగా, ఇంగ్లీషు వచ్చినదానివి, ఒక్కమాట చెప్పలేకపోయావా అని నన్ను అడుగుతారని జవాబు కూడా తయారుచేసుకున్నాను. బయటికొచ్చి నా తల నిమిరి, హీటరు ముందు కూర్చుని పుస్తకం తీశారు. ఆ రోజు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. ఇరవయ్యేళ్ళ కిందట పోయేదాకా ఆయన నన్నా ప్రశ్న అడగలేదు, ఎందుకు అడగలేదో నాకెప్పుడూ అర్థం కాలేదు.

నాన్న రావడానికి ముందురోజు, శనివారం, ఈలీన్ పుట్టినరోజుకు వెళ్ళాను. కేకు పెట్టారు. వాళ్ళమ్మ నా పక్కన కూర్చుని చాలా ప్రేమగా, ‘మీ అమ్మ బాగుందా? నిన్న బాగా తడిసిపోయింది పాపం’ అంది. ఆ కేకు ముక్క ప్లేటులోనే వదిలేశాను. ఇదంతా అయ్యాక వింత ఏమిటంటే, ఊరు నిజంగానే అమ్మను పలకరించడం మొదలుపెట్టింది. ఊలు షాపావిడ దారపుండలు తెచ్చిచ్చి అల్లిక నేర్పింది. రొట్టెల కొట్టాయన కిందినుంచి చెయ్యి ఊపేవాడు. టౌన్ ఆఫీసు మనుషులు మూడుసార్లు బకెట్లతో వచ్చి రుద్దినా నూనె కలిపిన పసుపు ఇసకరాయిలోకి ఇంకిపోయి పూర్తిగా వదల్లేదు. ఆకుల సందుల్లో ఆ రంగు మేం ఊరు విడిచేనాటికీ ఉంది. నాన్న పరీక్ష పాసయ్యారు. ‘ఊరు ఒప్పుకుందండీ’ అంది అమ్మ ఆయనతో. నాతో అనలేదు.

ఆ శుక్రవారం తర్వాత అమ్మ నన్ను తన తరఫున ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడమని అడగలేదు. అమెరికా వచ్చాక కూడా. తోటి పిల్లలు వాళ్ళ అమ్మలకు బ్యాంకుల్లో, షాపుల్లో నోరై నిలబడుతుంటే, మా అమ్మ టీవీలో కోర్టు ప్రోగ్రాములు చూసి తనే ఇంగ్లీషు నేర్చుకుంది. అందుకే ఆమె ఇంగ్లీషులో అన్నీ లాయర్ల మాటలే. కూరలు తరిగిచ్చినా, ‘ఐ అబ్జెక్ట్, ముక్కలు పెద్దవైనయ్’ అనేది. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని మంచులో కూడా కారు తీసుకుపోయేది. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తే, ‘నువ్వు బయట కూర్చో, నేను చెప్పుకుంటాలే’ అనేది. మా అమ్మ ఎంత ధీమా మనిషో చూడండి అని నేను అందరితో గొప్పగా చెప్పుకునేదాన్ని. లోపల మాత్రం ఆ వెయిటింగ్ రూముల్లో కూర్చున్న ప్రతిసారీ నాకు లైబ్రరీ తలుపే గుర్తొచ్చేది.

నోవైలో ఇల్లు కొన్నప్పుడు అమ్మ, ‘ఈ ఊరికి నడుమ ఎక్కడే?’ అని అడిగింది. నవ్వుకుంటూ కారులో కూర్చోబెట్టుకుని తిప్పాను. మాల్ చూపించాను, రెండు హైవేలు కలిసేచోటు చూపించాను. ఇవేమీ కాదంది. ఇప్పుడిక్కడ గుళ్ళున్నాయి, సోనామసూరి బస్తాలున్నాయి, శనివారం గ్రోసరీ షాపులో తోసుకోకుండా కూరలు తెచ్చుకోలేనంత మంది తెలుగువాళ్ళున్నారు. పసుపు ఏ గడపకు రాసినా చూడ్డానికి ఎవరూ ఆగరు. అమ్మ పోయినప్పుడు పదమూడు రోజులూ ఇల్లు పట్టనంతమంది వచ్చారు, ట్రేలతో భోజనాలు తెచ్చారు. పద్నాలుగోరోజు నుంచి ఎవరి డ్రైవ్‌వే వాళ్ళది. తప్పు వాళ్ళది కాదు, నేనూ అంతే. నలుగురు కలిసే నడుమ ఏదీ లేదు, ఉన్నా నేను వెళ్ళేదాన్నో లేదో. మొన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని గమనించి, నేనూ గొంతు సవరించి చూసుకున్నాను.

నిత్య కాల్ చేసేలోపు ఆ ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా పసుపు కనిపించలేదు. రాయిని బాగుచేసినట్టున్నారు, గుర్రానికి రెండు చెవులూ ఉన్నాయి.

‘అమ్మా, ఇట్స్ సో బ్యూటిఫుల్’ అంది నిత్య. ‘అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. వీడియో తీశా, పంపిస్తా. ఎక్కడ నిలబడిందో ఎగ్జాక్ట్‌గా కనుక్కున్నా.’

‘అమ్మమ్మ నీకేం చెప్పింది?’ అన్నాను.

‘ఎవ్రీథింగ్. పసుపు, యాపిల్, తాతయ్య కోటు, ఆ టోపీ మ్యాన్. ఆయనకి తెలుగులో లెక్చర్ ఇచ్చిందట కదా’ అని నవ్వింది. ‘నేను హైస్కూల్‌లో ఉన్నప్పట్నించి ఎన్నిసార్లు చెప్పిందో. ఎవ్రీ టైమ్ ఒకటే స్టోరీ, ఒక్క మాట కూడా మార్చదు.’

‘మరి నేను?’

‘నువ్వా? నువ్వు లేవుగా అమ్మా. నువ్వు స్కూల్‌లో ఉన్నావు. తాతయ్య కూడా అదే అడిగారట, పద్మ నీతో లేదా అని. అది స్కూల్లో ఉందండీ అని చెప్పా అంది అమ్మమ్మ. నేను ఒక్కదాన్నే వెళ్ళా అని ప్రతిసారీ ఫస్ట్ అదే చెప్పి స్టార్ట్ చేసేది.’

ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపు వెనక అమ్మ ఏం చెప్పిందో, నాన్న నన్నెందుకు అడగలేదో నాకప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ళ పిల్ల మీదికి రావాల్సిన ప్రశ్నను అమ్మ అక్కడే ఆపేసింది. ఆ తర్వాత మనవరాలి దగ్గర కూడా ఆపుతూనే ఉంది. ఆ రోజు నా పక్కనుంచి ఆమెను నేను తీసేశాను. అందుకు ఆమె చేసిందల్లా, ఆ రోజులోంచి నన్ను తీసేసి ఒక్కతే నిలబడడం. నేను సరేననేస్తే ఆ కథ అలాగే ఉంటుంది. అమ్మకు కావలసింది అదేనేమో. నిత్య అవతల, ‘అమ్మా, ఆర్ యూ దేర్?’ అంటోంది.

‘నిత్యా, నేను స్కూల్లో లేను. అక్కడే ఉన్నాను’ అన్నాను.

‘వాట్ డూ యూ మీన్?’

చెప్పాను. కోటు మెట్టు మీద పెట్టడం, నేనన్న మాట, లైబ్రరీ, కేకు, అన్నీ. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. అంతా విన్నాక నిత్య, ‘అమ్మమ్మకి తెలుసా?’ అని అడిగింది.

‘తెలుసు’ అన్నాను. ‘తెలుసు కాబట్టే, పోయేదాకా నన్ను స్కూల్లోనే ఉంచింది.’